జాలరికి దక్కిన నిలువెత్తు పటం

1815లో చిలీ స్పెయిన్ ఏలుబడిలో ఉంది. హోసే గిల్ దె కాస్త్రో అనే చిత్రకారుడు ఆ ఏడాది స్పెయిన్ రాజు ఏడవ ఫెర్డినాండ్ చిత్తరువు గీశాడు. 1817 ఫిబ్రవరిలో చిలీలోని చకబుకో దగ్గర జరిగిన యుద్ధంలో రాజు సేనలు ఓడిపోయాయి. ఆ తర్వాత గిల్ గీసింది విజేతలను. మొదట స్వాతంత్ర్య సేనానులు సాన్ మార్టిన్, ఓహిగిన్స్, ఆ తర్వాత 1825లో పెరూ రాజధాని లిమాలో మరో స్వాతంత్ర్య నాయకుడు సిమోన్ బొలివార్.

పూటకో పక్షం చేరాడని అతన్ని తీసిపారేయడం తేలికే. కానీ పటాలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి వేరే ఉంది. రాజు పోయాడు గానీ, రాజును చూపించే పద్ధతి పోలేదు. నిటారుగా నిలిచిన మనిషి, దారం దారం లెక్కపెట్టి గీసిన బంగారు జరీ, పతకాలు, పేరూ హోదా చాటే అక్షరాలు... ఇవన్నీ వైస్రాయిల కాలం నుంచి వస్తున్నవే. ఫొటోగ్రఫీ ఇంకా పుట్టని రోజులవి. సరిహద్దులే తేలని కొత్త గణతంత్రాలకు జనం కళ్లకు కట్టే అధికారం కావాలి. పాత అధికారం తొడుక్కున్న ఠీవినే అవీ తొడుక్కున్నాయి. తన పటం అచ్చుగుద్దినట్టు ఉందని బొలివార్ స్వయంగా మెచ్చుకుని, దాన్ని లండన్‌లోని మిత్రుడు రాబర్ట్ విల్సన్‌కు పంపాడు.

ఇంతమంది వీరులను గీసిన గిల్ ఆఫ్రికన్ సంతతివాడు. 1785లో లిమాలో పుట్టాడు. తల్లి ఒకప్పుడు బానిస. జనం అతన్ని పిలిచిన పేరు ‘ములాటో గిల్’. పేరులోనే జాతి ముద్ర.

అతని పటాలన్నిటిలో నన్ను కదలనివ్వనిది 1828 నాటిది. అందులో ఉన్నది సేనాని కాదు, హోసే ఒలాయా. లిమా దగ్గరి చోరియోస్ తీరానికి చెందిన ఆదివాసీ జాలరి. 1823లో స్పెయిన్ సేన లిమాను మళ్లీ ఆక్రమించినప్పుడు, కయావో రేవులోని స్వాతంత్ర్య పక్షానికీ నగరంలోని దేశభక్తులకూ మధ్య రహస్య ఉత్తరాలు చేరవేశాడు. పట్టుబడ్డాడు. చిత్రహింసలు పెట్టినా ఒక్క పేరు బయటపెట్టలేదు. జూన్ 29న, జాలరులు తమ రక్షకుడిగా కొలిచే సెయింట్ పీటర్ పండుగనాడే, కాల్చి చంపారు.

చనిపోయిన ఐదేళ్లకు గిల్ అతన్ని తెల్లని దుస్తుల్లో, చేతిలో ఉత్తరాలతో, నిలువెత్తున నిలబెట్టాడు. వైస్రాయిలకూ సేనానులకూ దక్కే కొలత అది. పతకాలుండే చోట ఉత్తరాలున్నాయి. ముఖం నల్లగా, ఆదివాసీ ముఖంగానే ఉంది. తెల్లదొరల పోలికలోకి దాన్ని దిద్దలేదు. పెరూ అంటే ఎవరన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఆ కాలపు చట్టాల్లో కనిపించదు.

ఆ చట్టాలేమో ఇలా ఉన్నాయి. ఆదివాసీలు మాత్రమే కట్టాల్సిన పన్నును 1821లో సాన్ మార్టిన్ రద్దు చేశాడు. ఖజానా ఖాళీ కావడంతో 1826లో, బొలివార్ ఏలుబడిలోనే, అది తిరిగొచ్చింది. అంటే గిల్ ఒలాయాకు ఆ గౌరవం ఇస్తున్న ఏడాదిలోనే, ఒలాయా జాతివాళ్ల నుంచి గణతంత్రం ఆ పన్ను వసూలు చేస్తోంది. గిల్ తల్లి అనుభవించిన బానిసత్వమూ చట్టబద్ధంగానే సాగుతోంది. పెరూ ఈ రెండింటినీ రద్దు చేసింది 1854లో.