ప్రింటర్‌కీ తాళమేనా?

2012 ఫిబ్రవరి ఆఖరు రోజులు. అమెరికాలో బడి నుంచి లైనస్ టోర్వాల్డ్స్‌కి కూతురు ఫోన్ చేసింది. బళ్లో ప్రింటర్‌ని తన ల్యాప్‌టాప్‌కి కలుపుకోబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోందట. లినక్స్ పుట్టించిన మనిషి ఇంట్లో పిల్లకే ఒక కాగితం ప్రింటు తీసుకునే దిక్కు లేదు! ఆ ల్యాప్‌టాప్‌లోని ఓపెన్‌సూసే అనే లినక్స్ రకం మీద ఆయన అప్పటికే కారాలూ మిరియాలూ నూరుతున్నారు. కొత్త వైఫై కలపాలన్నా, టైమ్‌జోన్ మార్చాలన్నా అందులో రూట్ (అడ్మిన్) పాస్‌వర్డే అడిగేది. గూగుల్ ప్లస్‌లో విరుచుకుపడ్డారు. ఆ మాటలు ఆదివారం పూట అచ్చెయ్యదగ్గవి కావు. తిట్ల సంగతి పక్కనపెడితే న్యాయం మాత్రం ఆయనదే.

మైపాడు, కోడూరు వైపు నుంచి బస్సెక్కి నెల్లూరు కాలేజీలకొచ్చే పిల్లలకూ ల్యాబుల్లో ఇలాంటి అనుభవం ఉండే ఉంటుంది. ఉబుంటు అనే మరో లినక్స్ రకం చాలా వెర్షన్లలో, అడ్మిన్ హక్కుతో పని చేయించే సుడో కమాండ్ కొట్టగానే పాస్‌వర్డ్ అడుగుద్ది. టైప్ చేస్తుంటే చుక్కయినా కనపడదు. కీబోర్డు పోయిందేమో అని మళ్లీ మళ్లీ నొక్కుతారు. తీరా ఎంటర్ కొట్టాక, నీకు అనుమతి లేదు, ఈ సంగతి పైవాళ్లకు చెబుతున్నాం అన్నట్టు ఒక హెచ్చరిక! పిల్లలు హడలిపోతారు. ఆ ఫిర్యాదు మామూలుగా అదే మిషన్లో ఓ మూల ఫైల్లో పడి ఉంటుంది, చదివే నాథుడుండడు.

సుడో పుట్టిందే ఉమ్మడి కాపురంలో. 1980 ప్రాంతంలో న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ బఫెలో శాఖలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ దాన్ని రాసేనాటికి ఒకే కంప్యూటర్ మీద ఎంతోమంది పని చేసేవాళ్లు. ఒకడి చెయ్యి జారితే అందరి పనీ ఆగేది. తర్వాత ఒళ్లో పెట్టుకునే ల్యాప్‌టాప్‌కీ అవే కట్టుబాట్లు వచ్చి పడ్డాయి.

పోనీ తాళం తీసేస్తే? ఫెడోరా అనే ఇంకో లినక్స్ రకంవాళ్లు అదీ చేశారు. 2009 నవంబర్ 17న విడుదలైన ఫెడోరా 12లో, మిషన్ ముందు కూర్చుని లాగిన్ అయిన ఎవరైనా రూట్ పాస్‌వర్డ్ లేకుండానే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు. ఏదిపడితే అది కాదు, ఫెడోరా డిజిటల్ సంతకం ఉన్న ప్యాకేజీలే. దూరం నుంచి లాగిన్ అయినవాళ్లకు ఆ వీలు లేదు. చేసినవాళ్ల వాదన సబబుగానే వినిపిస్తుంది: మనిషికో మిషన్ ఉన్న రోజుల్లో ఎవరికి వారే యజమాని. కానీ కాలేజీ ల్యాబు మాటేమిటి? సంతకం ఉన్నంత మాత్రాన ప్యాకేజీలో లోపం ఉండదా? అన్నిటికన్నా ఒళ్లు మండించింది, ఇంత మార్పు సంగతి ముందుగా గట్టిగా చెప్పకపోవడం. బగ్ నివేదిక కింద అడ్మిన్లు దుమ్మెత్తిపోశారు. రోజుల్లోనే ఫెడోరా వెనక్కి తగ్గింది, అప్‌డేట్‌తో పాస్‌వర్డ్ మళ్లీ వచ్చింది.

నన్నడిగితే, ఓపెన్‌సూసేలోనూ ఫెడోరాలోనూ తప్పు గీత గీసిన చోటే. ప్రింటర్ కలపడం మిషన్ ముందు కూర్చున్నవాళ్ల పని, ప్యాకేజీ ఎక్కించడం మిషన్ సొంతదారు పని. లినక్స్‌లో పోల్‌కిట్ అనే ఏర్పాటు చూసేది ఇదే. ఒక్కో పనికీ ఒక్కో నియమం, పైగా అడుగుతున్న మనిషి తెర ముందున్నాడా లేక బయటెక్కడో ఉన్నాడా అన్న లెక్క. ఇప్పుడైతే ఫ్లాట్‌ప్యాక్ అనే పద్ధతిలో వచ్చే యాప్‌ని సొంత హోమ్ ఫోల్డర్లోకి ఎక్కించుకోవచ్చు, ఎవర్నీ పాస్‌వర్డ్ అడగక్కర్లేదు. మిషన్ మొత్తానికి ఎక్కాల్సినదానికి మాత్రం ల్యాబ్ అసిస్టెంట్ రావాల్సిందే.