విట్బీ మఠాధ్యక్షురాలు హిల్డా

ఆంగ్లదేశపు తొలి మఠాధ్యక్షురాండ్రలో ప్రసిద్ధురాలైన హిల్డాను గూర్చి మనకు ప్రధానాధారము క్రీ. శ. 731లో బీడ్ ముగించిన మతచరిత్రము. అందామె శాంతమూర్తి, ఎరిగినవారందరును ఆమెను 'తల్లి' యని పిలిచెడివారట. ఈ చిత్రము సత్యమే గాని సమగ్రము కాదు.

హిల్డా 614లో నార్తంబ్రియా రాజబంధువుల యింట జన్మించి, 627లో ఎడ్విన్ రాజుతోపాటు బాప్తిస్మము పొందెను. ముప్పదిమూడవ యేట సన్న్యసించి, కొంతకాలము హార్ట్లెపూల్ మఠమును నడపి, 657లో విట్బీ మఠమును స్థాపించెను. స్త్రీలును పురుషులును వసించిన ఆ మఠమునకు ఆమెయే అధిపతి. అందెవ్వరికిని సొంత ఆస్తి లేదు, ధర్మగ్రంథపఠనము విధి. ఆమె శిష్యులలో ఐదుగురు బిషప్పులైరి.

ఆమె పాలనారీతి కేడ్మన్ వృత్తాంతమున స్పష్టపడును. అతడు పశువుల కాపరి. విందులలో తంత్రీవాద్యము తన వంతుకు వచ్చునని తోచినంతనే లేచిపోవువాడు. కలలో గీతము స్ఫురించినదని చెప్పగా, మఠపు అధికారి అతనిని హిల్డా యొద్దకు గొనిపోయెను. ఆమె వెంటనే మెచ్చుకొనలేదు; తోసిపుచ్చనులేదు. పండితులను రప్పించి వినిపించెను. వారొక పవిత్రగాథను చెప్పి పద్యముగా కూర్చుమనిరి. మరునాటి యుదయమున అతడు దానిని కూర్చి తెచ్చెను. అంతట ఆమె అతనిని మఠమున చేర్చుకొని ధర్మచరిత్ర మంతయు నేర్పించెను. పోషకుడు దొరకుట కవి యదృష్టమని మనవారందురు. ఇచ్చట పోషకురాలే పరీక్షకురాలును. ఆంగ్లమున పేరు తెలిసిన తొలికవి యిట్లు వెలసెను.

664లో ఈస్టరు పండుగ తిథినిర్ణయమునకై ఓస్వియు రాజు కూర్చిన మహాసభ ఆమె మఠముననే జరిగెను. హిల్డా ఐర్లండు సంప్రదాయ పక్షమున నుండెను. రాజు రోము పక్షమున తీర్పు చెప్పెను. రోము పక్షమున వాదించినవాడు విల్ఫ్రిడ్. హిల్డాకును అతనికిని గల వైరమును గూర్చి బీడ్ ఒక్కమాటయు చెప్పడు. విల్ఫ్రిడ్ చరిత్రము వ్రాసిన స్టీఫెన్ మాత్రము, 679లో పదచ్యుతుడైన విల్ఫ్రిడ్ రోములో మొరపెట్టుకొనినప్పుడు అతనిపై నేరము మోపుటకు హిల్డా దూతలును వచ్చియుండిరని తెల్పుచున్నాడు. స్టీఫెన్ గ్రంథమును బీడ్ ఎరుగునని పరిశోధకుల యభిప్రాయము. కావున ఆ మౌనము బుద్ధిపూర్వకమనియే నా తలంపు.

ఆ దూతలను పంపునాటికి హిల్డా దీర్ఘజ్వరపీడితురాలు. ఆ వ్యాధి ఆరేండ్లు బాధించినను బోధన మానలేదు. 680 నవంబరు 17న మఠవాసులను పిలిపించి, పరస్పరము శాంతితో మెలగుడని చెప్పి ఆమె కన్నుమూసినదని బీడ్ వ్రాసెను.