కాంచనమాల కాంట్రాక్టు

పాత తెలుగు సినిమా గురించి రాసేవాళ్ళు కాంచనమాల దగ్గరికి రాగానే ఆమె కళ్ళతో మొదలుపెట్టి, మతి చలించడంతో ముగిస్తారు. అందం, అహం, పతనం: మూడు ముక్కల్లో కథ అయిపోతుంది. ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ మూడూ కాదు, ఒక కాంట్రాక్టు. ఉద్యోగం కోసం బాండ్ల మీద సంతకాలు పెట్టిన తరం వాణ్ణి కాబట్టి కావచ్చు.

ముందు ఆమె చేసిన పని చూద్దాం. 1917లో గుంటూరు జిల్లాలో పుట్టి, ‘ఆంధ్రా ప్యారిస్’ అని చెప్పుకునే తెనాలితో అనుబంధం ఉన్న అమ్మాయి. బెజవాడలో 1921లోనే మారుతీ సినిమా హాలు వెలిసింది. కాలవల కింద పండిన పంట, నాటకాల పిచ్చి, పత్రికలు, సంస్కరణోద్యమాలు, అన్నీ కలగలిసిన డెల్టా అది. సినిమాకి ప్రేక్షకులతోపాటు నటుల్నీ, డబ్బునీ కూడా ఇచ్చింది. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో కాంచనమాల తెరమీదికొచ్చింది. 1938లో రెండు సినిమాలు ఆమెని ఎక్కడికో తీసుకెళ్ళాయి. హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’లో ఆమె సంసారం కూల్చే మాధురి, ఎదురుగా ఇల్లాలి పాత్రలో కన్నాంబ. ‘మాలపిల్ల’లో దళిత యువతి సంపాలత.

‘మాలపిల్ల’ పూర్తిగా డెల్టా సినిమా అనొచ్చు. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం కృష్ణా జిల్లావాడు, ‘ప్రజామిత్ర’ సంపాదకుడు. వెనక నిలబడింది చల్లపల్లి జమీందారు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. ఆలయ ప్రవేశం చుట్టూ గొడవ, పూజారి కొడుకుతో సంపాలత ప్రేమ, కలకత్తాకి పారిపోవడం, అక్కడ చదువు. చేతుల్లేని జాకెట్టులో కాఫీ కప్పు పట్టుకున్న కాంచనమాల బొమ్మ క్యాలెండర్లకెక్కింది. దళిత పాత్ర వేసిన హీరోయిన్ ఆ రోజుల్లో ఊళ్ళో గోడల మీదికి రావడం చిన్న సంగతేం కాదు. అయితే జనం తగిలించుకున్నది కలకత్తాలో చదువుకున్న సంపాలతని. చెరువు దగ్గర నీళ్ళు దొరకని సంపాలత బొమ్మకి గోడ మీద చోటు దొరికేదా అన్నది వేరే ప్రశ్న.

మరుసటేడు బి.ఎన్. రెడ్డి ‘వందేమాతరం’లో నాగయ్య పక్కన, వై.వి. రావు ‘మళ్ళీ పెళ్ళి’లో బాలవితంతువుగా. 1940లో మళ్ళీ రామబ్రహ్మంతో ‘ఇల్లాలు’. సంస్కరణ సినిమాలో బాధితురాలిగా, సంసార సినిమాలో వగలాడిగా, జాతీయవాద సినిమాలో నాయికగా రెండుమూడేళ్ళలో ఇన్ని రకాలు చేసిన నటిని ఒట్టి ‘గ్లామర్ తార’ అనేయడం మన బద్ధకం.

1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’ వచ్చింది. మాంత్రికుడు మాయలమరాఠీ చెరలో ఏళ్ళ తరబడి పడివుండే రాణి పాత్ర ఆమెది. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఆ తర్వాత ఆమె నాయికగా మరో సినిమా లేదు. అప్పటికి వయసు పాతికేళ్ళు.

ఏమైంది? సినిమా చరిత్రకారులు పదేపదే చెప్పే కథ ఇది: జెమినీ ఒప్పందం ప్రకారం ఆమె బయటి సినిమాల్లో నటించకూడదు. షూటింగు రోజుల్లో స్టూడియో అధిపతి ఎస్.ఎస్. వాసన్‌తో మాటా మాటా పెరిగింది. ఆయన తన సినిమాల్లో వేషం ఇవ్వలేదు, బయటికీ వదల్లేదు. ఆ కాలంలోనే భర్త పోయాడు, ఆమె మనసు చెదిరింది. యుద్ధం వల్ల ముడిఫిల్ము కరువై, 1943లో సినిమా నిడివికి 11,000 అడుగుల పరిమితి పెట్టిన మాటా నిజమే. కానీ ఆ యుద్ధంలోనే కన్నాంబ, భానుమతి, పుష్పవల్లి పని చేస్తూనే ఉన్నారు. అంటే తలుపు మూసుకుంది ఆమె ఒక్కదానికే.

ఇక్కడ హాలీవుడ్ గుర్తొస్తుంది. ఒలీవియా డి హావిలాండ్ కాంచనమాల కంటే ఒక ఏడాది పెద్ద, 1916లో పుట్టింది. ఆమె కూడా తెరమీదికొచ్చింది 1935లోనే. వార్నర్ బ్రదర్స్‌తో ఏడేళ్ళ ఒప్పందం. నచ్చని వేషం వద్దంటే ‘సస్పెన్షన్’: జీతం ఉండదు, ఆ వారాలన్నీ ఒప్పందం చివర కలిపేస్తారు. 1943లో ఏడేళ్ళూ అయిపోయాక, ఇంకా పాతిక వారాలు బాకీ ఉన్నావంది స్టూడియో. ఆమె కోర్టుకెక్కింది. కాలిఫోర్నియా కార్మిక చట్టంలో ఏడేళ్ళ పరిమితి ఉంది. ఏడేళ్ళంటే క్యాలెండర్లో ఏడేళ్ళేనని 1944 డిసెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. పని లేకుండా గడిచిన కాలం ఊరికే పోలేదు. తిరిగొచ్చి ‘టు ఈచ్ హిజ్ ఓన్’కి ఆస్కార్ గెలిచింది. 104 ఏళ్ళు బతికింది.

అంతకుముందు, 1936లో, బెటీ డేవిస్ అదే స్టూడియోతో లండన్ కోర్టులో తలపడి ఓడిపోయింది. ఆమె తెలివైన మనిషి, నటన కాకపోతే ఇంకో పని చేసుకుని బతకొచ్చు, కాబట్టి ఈ ఆంక్ష బలవంతం కిందికి రాదు అన్నది ఆ న్యాయమూర్తి తర్కం. మద్రాసు అప్పుడు ఆ ఇంగ్లీషు న్యాయం నీడలోనే ఉంది. మన 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వృత్తిని అడ్డుకునే ఒప్పందం చెల్లదంటుంది. అయితే ఒప్పందం నడుస్తున్నంత కాలం ఉండే ఆంక్షని కోర్టులు వేరుగా చూస్తూ వచ్చాయి. ‘నా సినిమాలో వేషం ఇవ్వను, బయట చెయ్యనివ్వను’ అనే బిగింపు సరిగ్గా ఆ సందులోనే ఇముడుతుంది.

డి హావిలాండ్‌కి లాయరుంది, ఏడేళ్ళని లెక్కగట్టిన చట్టముంది, హాలీవుడ్ నటులకి 1933 నుంచీ గిల్డ్ ఉంది. మద్రాసులో 1939లో ఫిల్మ్ ఛాంబర్ ఏర్పడింది, అది వ్యాపారుల సంఘం. నాటకాల నుంచి, సంప్రదాయ కుటుంబాల నుంచి వచ్చిన ఆడవాళ్ళకి, కోర్టు మెట్లెక్కితే ‘పరువు’ పోతుందనే ఊళ్ళో, ఎవరి అండ ఉంది? డి హావిలాండ్ ఎదురుతిరిగితే చట్టానికి ఆమె పేరు పెట్టారు. కాంచనమాల ఎదురుతిరిగితే మనం దాన్ని పొగరన్నాం.

చివరికి ఆమెని పట్టించుకున్నది ఇంకో నటి. ‘ఇల్లాలు’లో తనతో నటించిన లక్ష్మీరాజ్యం తర్వాత నిర్మాత అయ్యింది, 1963లో తన ‘నర్తనశాల’లో కాంచనమాలకి ఒక చిన్న వేషం ఇప్పించింది. ఇరవయ్యొక్కేళ్ళ తర్వాత. అదే ఆఖరు. 1981లో కాంచనమాల పోయింది.

‘ఆమె జీవితం విషాదం’ అని రాయడం తేలిక, ఎందుకంటే విషాదానికి ఎవరూ బాధ్యులు కారు, విధి చూసుకుంటుంది. కాంట్రాక్టుకి మాత్రం రెండు పక్షాలుంటాయి, షరతులుంటాయి. కాంచనమాల గురించి ఇకమీద రాసేవాళ్ళు ఆ కళ్ళ గురించి రాసినన్ని వాక్యాలు ఆ షరతుల గురించి కూడా రాస్తే బాగుండు.