పలక ముందు మైకు (మన వాద్యాల చరిత్ర – 7)



మా పుత్తూరు పక్క డప్పును పలక అంటాం. తోలును మంటకు కాచి బిగిస్తే చాలు, దాని మోతకు కరెంటు అక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటార్ అట్లా కాదు. తీగ అదురును పికప్ పట్టాలి, యాంప్లిఫైయర్ పెంచాలి. అయినా కచేరీ వేదిక గిటారుకే దక్కింది. పలకకు దక్కింది చావు, జాతర, దండోరా. మోతను ఊరంతా విన్నది, కొట్టేవాణ్ణి ఊరి బయటే ఉంచింది.

2017లో చెన్నైలో పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' పెట్టారు. కులం లేనివాళ్లమనే ఆ మాటకు మూలం అయోతీదాస్ పండితర్. 2018 జనవరిలో కీల్పాక్‌లో తొలి కచేరీ. గిటార్, డ్రమ్స్ పక్కనే మన పలకకు తోబుట్టువైన పరై.

అక్కడ పరైకి మైకు మోత కోసం కాదు, యాంప్లిఫైయర్ల నడుమ సమానంగా వినబడేందుకు. ఊరు శాసిస్తే కొట్టేది వెట్టి. మనం ఇష్టపడి కొట్టేది కళ. మీ కాలేజీ వేదికపై పలకకు చోటు అడగండి, కొట్టే చేతికి పారితోషికమూ అడగండి.