లేఆఫ్‌ వేరు, రిట్రెంచ్‌మెంట్‌ వేరు: ఉద్యోగం ఉండగానే తెలుసుకోవాల్సినవి

దేశంలోనే అతిపెద్ద ఐటీ సంస్థ టీసీఎస్‌ సుమారు 2 శాతం సిబ్బందిని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని 2025 జులైలో ప్రకటించింది. వేటు ఎక్కువగా మధ్య, సీనియర్‌ స్థాయులపైనే పడుతుందని చెప్పింది. ఏడాదిలో కనీసం 225 రోజులు ప్రాజెక్టు పనిలో ఉండాలని, బెంచ్‌పై 35 రోజులకు మించి ఉండరాదని అంతకు కొద్ది వారాల ముందే ఆ సంస్థ నిబంధన తెచ్చింది. సీనియారిటీయే రక్ష అనే ధీమాకు కాలం చెల్లిందని ఈ రెండు పరిణామాలూ చెబుతున్నాయి.

చట్టం ఏమంటోంది?

వాడుకలో లేఆఫ్‌ అంటే ఉద్యోగం పోవడం. చట్టంలో మాత్రం పని తాత్కాలికంగా ఆగితే అది లేఆఫ్‌. సగం వేతనం పరిహారంగా ఇవ్వాలి. శాశ్వతంగా తొలగిస్తే రిట్రెంచ్‌మెంట్‌.

2025 నవంబర్‌ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌ ప్రకారం, ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడిని తొలగించాలంటే నెల రోజుల నోటీసు లేదా ఆ నెల వేతనం ఇవ్వాలి. పూర్తి చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. వేతనాల కోడ్‌ ప్రకారం బకాయి జీతం రెండు పనిదినాల్లో అందాలి. అయిదేళ్ల సర్వీసు ఉంటే గ్రాట్యుటీ అదనం.

అయితే మేనేజర్‌ విధులు నిర్వర్తించేవారు ‘కార్మికుడు’ నిర్వచనంలోకి రారు. హోదా పేరు కన్నా చేసే పని స్వభావమే ఇక్కడ ప్రధానం. 300 లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలు తొలగింపునకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన కర్మాగారాలు, గనులు, తోటలకే పరిమితం. ఐటీ కార్యాలయాలకు అది వర్తించదు.

సంతకానికి ముందు

స్వచ్ఛంద రాజీనామా రిట్రెంచ్‌మెంట్‌ కిందకు రాదు. సంతకం చేస్తే పరిహారం అడిగే వీలు బాగా తగ్గిపోతుంది. అందుకే రాజీనామా చేయమని ఒత్తిడి వస్తే గడువు కోరాలి. ఏం ఇస్తారో రాతపూర్వకంగా అడగాలి. అభ్యంతరాన్ని ఈమెయిల్‌లో నమోదు చేయాలి. అవసరమైతే రాష్ట్ర కార్మిక శాఖను ఆశ్రయించవచ్చు.

అమెరికాలో హెచ్‌-1బీపై ఉన్న తెలుగువారికి సమయం ఇంకా తక్కువ. ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఐ-94 గడువు అంతకన్నా ముందే తీరితే అప్పటివరకే.

ముందుజాగ్రత్తలు

నియామక పత్రం, పే స్లిప్పులు, మదింపు నివేదికల ప్రతులు సొంతంగా భద్రపరచుకోవాలి. సంస్థ గోప్య సమాచారాన్ని మాత్రం బయటకు తీసుకెళ్లకూడదు. పీఎఫ్‌ ఖాతాలో ఆధార్‌, బ్యాంకు వివరాలు, నామినీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది కాబట్టి సొంత పాలసీ అవసరం. ఈఎంఐలతో కలిపి కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే, వచ్చిన మొదటి ఆఫర్‌కే తలొగ్గాల్సిన పని ఉండదు.

నైపుణ్యం సంగతి తేల్చేది మార్కెట్టే. ఏడాదికోసారి బయట ఇంటర్వ్యూకు వెళ్తే తన పనికి గిరాకీ ఎంతో తెలుస్తుంది. ప్రస్తుత ప్రాజెక్టుకు తప్ప మరెక్కడా పనికిరాని అనుభవమే పోగవుతుంటే, మారాల్సింది జీతం వస్తున్న రోజుల్లోనే.