నలుపు తెలుపుల నడుమ

తెల్లనివన్నీ పాలనీ, నల్లనివన్నీ నీళ్ళనీ నమ్మేవానిని మన సామెత అమాయకుల కింద జమకట్టినది. ఆ సామెతను పుట్టించినవారు మనుషులలోని కల్లాకపటాలను బాగుగా ఎరిగినవారే. అయినను నలుపునకూ తెలుపునకూ నడుమ ఉన్న రంగుకు మాత్రము మనవారు సొంతమైన పేరు పెట్టలేదు. ఇది మన భాషకు లోపమా, లేక ఇందులో ఏదైనా వివేకమున్నదా అన్నది ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

ఎరుపు, నలుపు, తెలుపు అన్నవి ఏ వస్తువునూ ఆశ్రయింపక నిలువగల మాటలు. ఈ రంగు అట్టిది కాదు. దీనిని చెప్పవలసి వచ్చినప్పుడెల్ల ఏదో ఒక వస్తువు గడప తొక్కవలసినదే. బూడిద రంగు, పొగ రంగు, పావురాయి రంగు అంటాము. సంస్కృతమును ఆశ్రయిస్తే ధూమ్రమన్నా పొగయే, కపోతవర్ణమన్నా పావురమే. వెంట్రుకల విషయములోనూ అంతే. తల నెరసినదంటాము, పండినదంటాము, ముగ్గుబుట్ట అయినదంటాము. ఇవన్నీ వయస్సు చేసిన పనిని చెప్పే మాటలే గాని రంగును చెప్పేవి కావు.

ఈ పేర్లలో బూడిదకు అగ్రస్థానము దక్కుటలో వింత లేదు. కట్టెల పొయ్యి వెలిగినన్నాళ్ళు బూడిద లేని ఇల్లు లేదు. అంట్లు తోమినది అదే. విత్తనాలకు పురుగు పట్టకుండా కలిపినది అదే. పిడకలు కాల్చిన కచ్చిక పళ్ళపొడి అయినది. విభూతిగా నుదుటికెక్కినదీ అదే. ఇంత మేలు చేసిన పదార్థమును బూడిదలో పోసిన పన్నీరని వ్యర్థతకు గురుతుగా వాడుకొన్నది కూడ మనమే. గ్యాసు పొయ్యి వచ్చిన ఇళ్ళ నుండి బూడిద వెళ్ళిపోయినది. బూడిద రంగన్న మాట మాత్రము మిగిలినది. బూడిదను చేత ముట్టని పిల్లవానికి ఆ మాట ఇప్పుడు వట్టి పేరే.

అడవిలో ఈ రంగుకు ఉన్నంత ప్రాభవము మరి దేనికీ లేదు. కొండముచ్చు, ముంగిస, నారాయణపక్షి, ఏనుగు ఈ కులమునకు చెందినవే. మన మనుబోతును హిందీవారు నీలగాయి అంటారు. నిజానికి ఎదిగిన మగ మనుబోతు వన్నె ఇనుమును పోలినది. బూడిద రంగుకు పేరు చాలనిచోట నీలము అరువు వచ్చినదన్నమాట. కవులు ఏనుగును కారుమబ్బుతో పోల్చి నల్లనిదానిని చేసినారు. అది దుమ్మూ బురదా మీద చల్లుకొని, తిరిగే నేల రంగునే కప్పుకొంటుంది. ముంగిస వెంట్రుకను ఒక్కదానిని తీసి చూచినచో ఇంకొక రహస్యము బయటపడుతుంది. ఆ వెంట్రుక మీద ముదురు పట్టె, లేత పట్టె వంతులవారీగా ఉంటవి. నెరసిన తలలోనూ రంగున్న వెంట్రుకలూ రంగుడిగిన వెంట్రుకలూ కలిసి ఉన్నవే గాని, బూడిద రంగు వేరుగా పూసినవారెవరూ లేరు. దూరము నుండి చూచినప్పుడు కన్నే వానిని కలిపి ఒక రంగు చేస్తున్నది.

ఈ రహస్యమును యంత్రముతో సాధించినది ఛాయాగ్రహణము. 1839లో పారిస్‌లో డగేర్ పద్ధతి వెల్లడి కాగా, మరుసటి ఏటికే అది కలకత్తా చేరినది. 1856లో మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడినది. కాని తొలినాటి పలకలు నీలి వెలుగుకు మాత్రమే స్పందించేవి. ఆకాశము వట్టి తెల్లగా వచ్చేది. కుంకుమబొట్టు నల్లబడేది. పసుపు రాసిన ముఖమూ చామనచాయ మేనూ ఉన్నదానికంటే నల్లగా కనిపించేవి. 1873లో ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పలకకు అద్దకపు రంగులు కలిపి ఈ గుడ్డితనమును కొంత పోగొట్టినాడు. అన్ని రంగులకూ స్పందించు పలకలు 1906లో అంగడికి వచ్చినవి. అంతవరకు ఏ రంగు ఎంత నలుపు కావలెనో తీర్పు చెప్పినది రసాయనమే. ఆ తీర్పు మన మేనిచాయకు అనుకూలమైనది కాదు. ఫొటోల మీద చేతితో రంగులద్దించుకొనుట మన దేశమున అంతగా వ్యాపించుటకు అలంకారప్రీతితోపాటు ఇదియు ఒక కారణము కావచ్చును.

ఫొటో కాగితము మీది బూడిద రంగును అచ్చుపుస్తకములోనికి తెచ్చుట మరొక సమస్య. అచ్చుయంత్రమునకు తెలిసినది నల్లసిరా ఒక్కటే. దానిని సన్నని చుక్కలుగా విడదీసి, ముదురుచోట పెద్ద చుక్కలూ లేతచోట చిన్న చుక్కలూ వేయుటయే హాఫ్‌టోన్ పద్ధతి. బెంగాలీ బాలసాహిత్యమునకు పేరుమోసిన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి (1863–1915) తన పుస్తకములలోని బొమ్మలు చెక్క అచ్చులలో చెడిపోవుట చూచి సహింపలేక, పరికరములను ఇంగ్లండు నుండి తెప్పించి 1895లో కలకత్తాలో బ్లాకుల పని ఆరంభించినారు. ఈ పద్ధతిని గూర్చి ఆయన వ్రాసిన వ్యాసములు ఇంగ్లండులోని పెన్‌రోజ్ వార్షిక సంపుటములలో వెలువడినవి. రచయిత ఒకడు తన పుస్తకములోని నీడల కొరకు శాస్త్రజ్ఞుడైన ఉదాహరణ ఇది. ఆయన మనుమడు సత్యజిత్ రాయ్ తీసిన ‘అపరాజితో’ (1956) చిత్రమునకు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర. కాశీలోని ఇంటిని పోలిన సెట్టుపై తెల్లని గుడ్డ పరచి, దీపకాంతిని దానికి తగిలించి క్రిందికి మళ్ళించినారు. అట్లు పగటివేళ లోగిలిలో ఉండు మెత్తని నీడను సృష్టించినారు.

అడవి ఛాయాచిత్రముల చరిత్ర వేరొక మార్పును చూపుతుంది. ఆరవ నిజాము కొలువులో ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) చిత్రములలో పులి వేటగాని కాళ్ళ దగ్గర పడి ఉన్నది. మనము నలుపు తెలుపు అనుకొనే ఆనాటి చిత్రములలో పెక్కు నిజానికి గోధుమవన్నెవి. తరువాత అటవీశాఖకు చెందిన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్, బాటకడ్డముగా తీగె కట్టి, రాత్రివేళ పులి తన చిత్రమును తానే తీసుకొనునట్లు ఏర్పాటు చేసినాడు. 1927లో ఆయన పుస్తకము వెలువడినది. మద్రాసువాసి ఎం. కృష్ణన్ (1912–1996) తమిళ నవలాకారుడు మాధవయ్య కుమారుడు. 1950 నుండి తుదివరకు ‘స్టేట్స్‌మన్’ పత్రికలో ప్రకృతిని గూర్చి వ్రాసినారు. ఆయన ప్రధానముగా నలుపు తెలుపులలోనే అడవిని చిత్రించినారు. ఏనుగు చర్మపు ముడుతలను చూపుటకు ఆ మెట్లే చాలినవి.

ఈ మెట్లను గూర్చి ఒక లెక్క గమనింపదగినది. నలుపు తెలుపులకు సరిగా నడుమ ఉన్నదని మన కంటికి తోచే బూడిద రంగు, తనపై పడిన వెలుగులో నూటికి సుమారు 18 పాళ్ళే తిప్పి పంపుతుంది. కంటికి తోచే నడిమి, కొలతకు నడిమి కాదు. నేటి సంఖ్యాచిత్రములలో ఒక్కొక్క చుక్కకు సాధారణముగా 256 మెట్లు లెక్కిస్తారు. ఆ మెట్లలో రెండు మాత్రమే నలుపూ తెలుపూ. మిగిలిన 254 బూడిద రంగులే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ముంగిస వెంట్రుకలోనూ, ముదుసలి తలలోనూ, ఫొటోలోని వెండి రేణువులలోనూ, అచ్చు చుక్కలలోనూ దగ్గరకు పోయి చూస్తే ఈ రంగు లేదు. ఉన్నవి నలుపు తెలుపులే. అవి కలిసి బ్రదుకుట వలన, మనము కొంత దూరమున నిలిచి చూచుట వలన ఇది పుట్టినది. కనుక దీనికి విడిగా పేరు పెట్టని మన భాష పొరబడలేదు. ప్రతిసారి ఏ వస్తువును పోలినదో చూచి చెప్పుమని అది మనలను ఆజ్ఞాపించినది. రచయిత ఆ ఆజ్ఞను శిరసావహించవలెను. బూడిద రంగని వ్రాసి ఊరకుండక, అది పొయ్యిలోని బూడిదయా, తొలకరి మబ్బా, తల్లి చెంపల మీది నెరుపా అని చూచుకొనవలెను. ఆ వస్తువులు ఇండ్ల నుండి వెళ్ళిపోతున్న ఈ కాలమున, వానిని చూచినవారు వ్రాసి ఉంచకపోయినచో మాట మిగిలి రంగు పోతుంది.