కన్ను చెప్పే లెక్క, చదరం చెప్పే లెక్క

గట్టు మీద నిలబడి చేను వంక చూచి, "కలుపు పెద్దగా లేదులే" అనుకోవడం మనకందరికీ అలవాటే. ఆ మాట ఎంతవరకు నమ్మవచ్చునో తెలిపే పాత సంగతి ఒకటి ఉన్నది.

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం విశాలమైన గడ్డిభూములకు పేరుపడ్డది. 1890 తరువాత, అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్య బెస్సీ శిష్యులు ఆ రాష్ట్రంలోని మొక్కలను పరిశీలింప బూనుకున్నారు. వారిలో ముఖ్యులు రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్. పౌండ్ లాయరు కూడాను. సాక్ష్యం లేనిదే మాట నమ్మని వృత్తి గదా!

ఏ మొక్క ఎక్కువ, ఏది తక్కువ అన్నది కంటి చూపుతోనే తేల్చడం ఆనాటి వాడుక. వీరికి అనుమానం వచ్చింది. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చదరాలు కొలిచి, లోపలి మొక్కలను ఒక్కొక్కటే లెక్కపెట్టారు. అనేక చోట్ల అలాగే చేసి సగటు తీశారు. తీరా చూస్తే కంటి అంచనా తప్పింది! ఎత్తుగా, గుబురుగా ఉండి ముందు కంటబడే మొక్కలు ఉన్నవాటికంటె ఎక్కువగా తోస్తాయని తేలింది. ఈ పద్ధతిని 1898లో ప్రకటించారు. ఆ చదరానికే క్వాడ్రాట్ అని పేరు.

అయితే చదరం ఎక్కడ వేయాలి? నచ్చిన చోట వేస్తే మళ్లీ కన్నే మోసం చేస్తుంది. 1920 తరువాత బీహారు–ఒరిస్సా రాష్ట్రంలో వరి దిగుబడి లెక్క తీసిన హబ్బాక్ అనే అధికారి, చోటు ఎంపికను మనిషి ఇష్టానికి వదలలేదు. నేడు మన వరి పంట కోత ప్రయోగాలలో వేసేదీ 5 మీటర్ల చదరమే. చోటును చీటీ తీసినట్లు అంకెలను బట్టి నిర్ణయిస్తారు. ఏపుగా ఉన్న మూల చూచి కోస్తే దిగుబడి ఎక్కువని తేలి, నష్టపోయిన ఊరికి బీమా సొమ్ము రాకుండా పోవచ్చును.

మీ పొలంలోనూ ఇది చేసి చూడండి. నాలుగు పుల్లలు, కొంచెం పురికొస తీసుకొని మీటరు చదరం కట్టండి. ఎన్ని అడుగులకు ఒకసారి వేయాలో ముందే అనుకొని, పది చోట్ల వేయండి. హద్దు మీద పడిన మొక్కలను రెండు వైపులవి కలిపి, తక్కిన రెండు వైపులవి వదలండి. చదరానికి సగటున మూడు కలుపు మొక్కలు తేలితే, ఎకరానికి పన్నెండు వేలు దాటినట్లే!

ఊద వెన్ను పైకి తేలి కనబడుతుంది. తుంగ అడుగున దాగి ఉంటుంది. కూలీలను పిలిచే ముందు, మందు కొనే ముందు, చదరం మాట కూడా వినండి.